తేనెపెట్టెల అడంగల్

9వ పెట్టె. అక్టోబరు 12. ఎండ, గాలి లేదు. గుడ్లు ఉన్నాయి, రాణి కనబడలేదు. పిల్ల 6 చట్రాలు, మూతలు బాగున్నాయి. రాణి గదులు లేవు. తేనె 2 చట్రాలు. 14వ పెట్టె నుంచి 1 పిల్ల చట్రం తెచ్చి పెట్టాం. అన్ని చట్రాలూ దులిపి చూశాం. రోగం 0.

న్యూజీలండ్‌లో తేనెటీగలు పెంచేవారి పుస్తకంలో ఒక వరుస ఇంచుమించు ఇలా ఉంటుంది. ఇది చూపించడానికి నేను కూర్చిన వరుసే. అయినా ఇందులో అక్కరలేని మాట ఒక్కటీ లేదు. చదవడానికి అర నిమిషం పట్టని ఈ ముక్కల వెనక ఎంత పనితనం ఉందో, ఇలాంటి వరుసలు వేలకొద్దీ పోగై ఒక దేశం మొత్తాన్ని ఒక మొండి రోగం నుంచి ఎలా కాచుకొస్తున్నాయో చెప్పాలని నా కోరిక. తేనెటీగల శ్రమ గురించీ, వాటి క్రమశిక్షణ గురించీ మనం చాలానే చదువుకున్నాం. వాటి పక్కన పెన్సిల్ పట్టుకుని నిలబడే మనిషి నేర్పు గురించి చదివింది తక్కువ.

మొదట ఆ రెండు ముక్కలు చూడండి: గుడ్లు ఉన్నాయి, రాణి కనబడలేదు. కొత్తగా చదివేవారికి ఇది లోపంలా తోస్తుంది. వేల ఈగల మధ్య రాణిని వెతికి పట్టుకోలేక వదిలేశాడేమో అనిపిస్తుంది. నిజానికి నేర్పంతా ఆ వదిలేయడంలోనే ఉంది. రాణి పెట్టిన గుడ్డు మొదటిరోజు గది అడుగున నిటారుగా నిలబడుతుంది, రెండో రోజు ఒరుగుతుంది, మూడో రోజు పడుకుంటుంది, ఆ తర్వాత పగిలి పురుగవుతుంది. అంటే గుడ్డు కనబడిందంటే మూడు రోజుల లోపల రాణి అక్కడ తిరిగినట్టే. ఇక దాన్ని కళ్లారా చూడాలని చట్రాలన్నీ మళ్లీ మళ్లీ తిరగేస్తూ కూర్చుంటే పిల్లకు, అంటే గదుల్లో పెరిగే పురుగులకు, చలి తగులుతుంది, ఈగలు చిరాకు పడతాయి. అనుభవం ఉన్న మనిషి గుడ్లు చూస్తాడు, రాణి కోసం వెతకడం మానేస్తాడు, చూసిందే రాస్తాడు. ‘రాణి ఉంది’ అని రాయడు. తను కళ్లతో చూసినదానికీ, దాన్నిబట్టి ఊహించినదానికీ మధ్య గీత చెరిగిపోకుండా కాపాడతాడు. మన ఆఫీసు ఫైళ్లలో కూడా ఈ పాటి నిజాయితీ అరుదు.

‘రాణి గదులు లేవు’ అన్నది ఇంకా లోతైన మాట, ఎందుకంటే అందులో రాబోయే తేదీ దాగి ఉంది. పెట్టె కిక్కిరిసినప్పుడు ఈగలు కొత్త రాణి కోసం పొడుగాటి గదులు కడతాయి. గుడ్డు పెట్టిన ఎనిమిదో రోజుకో తొమ్మిదో రోజుకో ఆ గదికి మూత పడుతుంది. మూత పడే సమయానికే పాత రాణి సగం ఈగలను వెంటేసుకుని వెళ్లిపోతుంది. పదహారో రోజుకు కొత్త రాణి బయటికి వస్తుంది. కూలి ఈగకైతే ఇరవై ఒక్క రోజులు, పోతుటీగకు ఇరవై నాలుగు. ఈ లెక్కలు నోటికి వచ్చినవాడు ఈరోజు గదులు లేవని రాసినప్పుడే, మళ్లీ ఎన్నాళ్లలోపు రావాలో తేల్చేసుకుంటాడు. ఆ వారం పది రోజుల గడువు దాటితే పెట్టెలో సగం ఈగలు ఏ చెట్టు కొమ్మకో వేలాడుతుంటాయి. జరిగినదాన్ని మాత్రమే రాసే పుస్తకం చిట్టా. జరగబోయేదాన్ని పట్టిచ్చేలా రాయడం వేరే విద్య.

కొన్ని వివరాలను పుస్తకంలో కాకుండా రాణి వీపు మీదే రాస్తారు. చిన్న రంగు చుక్క. ఏడాది చివరి అంకె 1 గానీ 6 గానీ అయితే తెలుపు, 2, 7 అయితే పసుపు, 3, 8 అయితే ఎరుపు, 4, 9 అయితే ఆకుపచ్చ, 5, 0 అయితే నీలం. ప్రపంచమంతా పాటించే వరుస ఇది. రాణి అయిదేళ్లకు మించి బతకడం అరుదు కాబట్టి అయిదు రంగులు సరిపోయాయి. పెట్టె మూత తెరిచి పసుపు చుక్క ఉండాల్సిన చోట చుక్క లేని రాణి కనబడితే, మనం చూడని రోజుల్లో ఆ ఇంట్లో రాణి మారిందని అర్థం. పుస్తకంలో ఉన్నదానికీ పెట్టెలో ఉన్నదానికీ తేడా వచ్చిందంటే, అక్కడొక కథ జరిగిందన్నమాట.

పనిముట్లూ చూడదగ్గవే. చేతి తొడుగులకు మైనమూ, ఈగలు పూసే బంకా అంటుకుని ఉంటాయి. ఆ చేతుల్లో ఖరీదైన కలం, ఫోను రెండూ పనికిరావు. పెన్సిల్ పనికొస్తుంది. వానకు తడిసినా చెరగదు, పొట్టిదైనా రాస్తుంది. చాలామంది పెట్టె మూత లోపలి వైపే రాసేస్తారు. మూత తీయగానే పోయినసారి ఏం జరిగిందో ఎదురుగా ఉంటుంది. మూత మీద పెట్టే ఇటుక కూడా ఒక అక్షరమే: పడుకోబెడితే అంతా బాగుందని, నిలబెడితే మళ్లీ చూడాలని, ఎవరి గుర్తులు వాళ్లవి. రోడ్డు మీద బండి ఆపి దూరం నుంచే ఏ పెట్టె దగ్గరికి ముందు వెళ్లాలో తెలుసుకోవచ్చు. ఇదంతా ఎవరూ బడిలో చెప్పిన చదువు కాదు, పనిలో పుట్టింది.

ఇక ఆ చివరి సున్నా. వరుస మొత్తంలో అన్నిటికంటే ఖరీదైన అంకె అదే.

అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే రోగం తేనెటీగల పిల్లకు వస్తుంది. పెనిబాసిల్లస్ లార్వే అనే బాక్టీరియా దానికి మూలం. గుడ్డు పగిలి ఒకటి రెండు రోజులైన పసి పురుగు మేతతోపాటు పదో పరకో బీజాలను మింగినా చాలు. గదికి మూత పడ్డాక లోపలే చచ్చి, కాఫీ రంగు జిగురుగా కరిగిపోతుంది. తర్వాత ఎండి గది కింది గోడకు నల్లటి పొక్కులా అతుక్కుంటుంది. ఈగలు ఎంత గీకినా అది ఊడదు. అలా చచ్చిన ఒక్క పురుగులో 250 కోట్ల దాకా బీజాలు ఉండగలవు. అవి ముప్ఫై అయిదేళ్లకు పైగా బతికి ఉంటాయి. తాత వాడి అటక మీద పడేసిన చట్రాన్ని మనవడు తీసి పెట్టెలో పెడితే, రోగం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మనుషులకు ఆ తేనెతో ఏ హానీ లేదు. ఈగలకు మాత్రం అది ఇంటిల్లిపాదికీ చావు.

కాబట్టి ‘0’ అని రాయాలంటే ముందు చూడాలి. చూడటమంటే మూత ఎత్తి తొంగిచూడటం కాదు. చట్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పెట్టెలోకే ఒక్క విదిలింపు విదిలించాలి. ఈగలన్నీ కిందికి రాలిపోవాలి, పిల్ల బోసిగా కనబడాలి. ఈగలు కప్పి ఉన్న చట్రాన్ని చూసి రోగం లేదనడం తలుపు తీయకుండానే ఇల్లు చూశాననడమే. పనిమంతుడు ఎండ భుజం మీదుగా పడేలా నిలబడి, చట్రం పై పట్టీని తన వైపు వంచుతాడు. అప్పుడు వెలుగు గది కింది గోడ మీద పడుతుంది. ఎండిన పొక్కు ఉండేది అక్కడే. వెలుగు ఎటు పడాలో తెలియని కన్ను వంద చట్రాలు చూసినా ఆ పొక్కును దాటిపోతుంది.

ఆరోగ్యంగా ఉన్న పిల్ల చూడముచ్చటగా ఉంటుంది. ఒకే ఈడు పిల్ల ఒకేచోట, వలయాలుగా, మూతలు లేత గోధుమరంగులో కొద్దిగా ఉబ్బి ఉంటాయి. రోగం వస్తే ఆ వరుస చెదురుతుంది. మూతలు ముదురు రంగుకు తిరిగి, తడిసినట్టు, లోపలికి కుంగుతాయి. కొన్నిటికి మధ్యలో అడ్డదిడ్డమైన చిల్లు ఉంటుంది. పురుగు చచ్చిందని తెలిసి ఈగలు తవ్వడం మొదలుపెట్టిన గుర్తు అది. అనుమానం వచ్చిన గదిలో అగ్గిపుల్ల పెట్టి తిప్పి, మెల్లగా పైకి లాగుతారు. సాగే తీగలా సెంటీమీటరు నుంచి మూడు సెంటీమీటర్ల దాకా గోధుమరంగు పోగు వస్తే ఇంక అనుమానం అక్కర్లేదు. ల్యాబ్ పరీక్షలు వచ్చాయి, అవీ చేస్తారు. కానీ పొలం గట్టు మీద అగ్గిపుల్ల చెప్పే సాక్ష్యాన్ని ఈనాటికీ ఎవరూ తోసిపుచ్చలేదు.

ఇలా చూడటం అసలు సాధ్యమైందే 1852లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ కదిలే చట్రాల పెట్టెకు పేటెంటు తీసుకున్నాక. చట్రానికీ గోడకూ మధ్య ఈగ నడవగలిగేంత సందు వదిలితే అక్కడ ఈగలు అట్ట కట్టవు, బంక పూయవు. అందుకే చట్రం పగలకుండా బయటికి వస్తుంది. అంతకుముందు గంపల్లో, మూసిన పెట్టెల్లో అట్టలు గోడలకే కరుచుకుని ఉండేవి. లోపల చూడాలంటే ఇల్లు కూల్చాల్సిందే. 1877లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కౌంటీ తేనెపెట్టెల తనిఖీకి చట్టం చేసింది. న్యూజీలండ్ 20వ శతాబ్దం తొలి దశాబ్దంలోనే ఒక అడుగు ముందుకు వేసి, తనిఖీకి వీల్లేని మూసిన పెట్టెల్లో ఈగలు పెంచడాన్నే నిషేధించింది. ఈ పని వెనక ఐజాక్ హాప్‌కిన్స్ అనే పెద్దమనిషి పట్టుదల ఉంది. చదవడానికి వీలుగా ఉండేలా పెట్టెను ముందు కట్టించి, ఆ తర్వాత చదవమన్నారు. నాకు ఆ వరుస చాలా నచ్చింది.

ఇప్పుడు నమూనా వరుసలో ఇప్పటిదాకా నేను ముట్టుకోని ముక్క ఒకటి ఉంది: 14వ పెట్టె నుంచి 1 పిల్ల చట్రం తెచ్చి పెట్టాం. నా దృష్టిలో ఈ పుస్తకానికి ప్రాణం అదే.

ఫౌల్‌బ్రూడ్ ఎలా వ్యాపిస్తుందని అడిగితే చాలామంది ఈగల వైపే వేలు చూపిస్తారు. పొరుగువాడి రోగిష్టి పెట్టెను మన ఈగలు దోచుకొచ్చాయంటారు. అదీ జరుగుతుంది. కానీ న్యూజీలండ్‌లో మార్క్ గుడ్విన్, క్లిఫ్ వాన్ ఈటన్ కలిసి మందులు వాడకుండా ఈ రోగాన్ని తుడిచిపెట్టడం మీద రాసిన పుస్తకం అక్కడి పెంపకందారుల ముందు పెట్టిన నిజం వేరు: ఈ రోగాన్ని ఎక్కువగా మోసేది పెంచేవాడి చేతులే. బలహీనంగా ఉన్న పెట్టెకు బలమైన పెట్టె నుంచి పిల్ల చట్రం ఇస్తాం. తేనె తీశాక చట్రాలకు అంటుకున్న తేనెతో సహా తేనె అరలను ఏ పెట్టె మీద పడితే ఆ పెట్టె మీద తిరిగి ఎక్కిస్తాం. చచ్చిన పెట్టెలోని అట్టలను వృథా కాకూడదని ఇంకోదానికి ఇస్తాం. ఒక్కొక్కటీ మంచి ఉద్దేశంతో చేసే పనే. రోగం ప్రయాణించే దారులూ అవే.

రోగం సోకిన వెంటనే బయటపడదు. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఫిబ్రవరిలో 9వ పెట్టెలో అగ్గిపుల్లకు పోగు వచ్చిందనుకోండి. పుస్తకం లేనివాడికి అదొక దురదృష్టం. పుస్తకం ఉన్నవాడు వెనక్కి తిరగేస్తాడు. అక్టోబరు 12 దగ్గర వేలు ఆగుతుంది: 14 నుంచి చట్రం వచ్చింది. వెళ్లి 14ను దులిపి చూస్తాడు. 14 నుంచి ఇంకెక్కడికి ఏం వెళ్లిందో చూస్తాడు. డిసెంబరులో 14 మీది తేనె అర 22 మీదికి వెళ్లిందని ఉంటే 22 కూడా తెరుస్తాడు. మూడు పెట్టెల దగ్గర ఆగిపోవాల్సిన రోగం ముప్ఫై పెట్టెలకు పాకకుండా అడ్డుకునేది ఆ ఒక్క వాక్యం. దాన్ని రాసిన రోజున అన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయి. అనుమానం లేని రోజున, ఏ అవసరమూ కనబడని రోజున, తన చేయి ఏం చేసిందో తను రాసి పెట్టుకున్నాడు. పనిమంతుడి మీద నాకు గౌరవం కలిగేది అక్కడ. ఈగలను గమనించడం కష్టమే, కానీ అలవాటవుతుంది. తన చేతుల్ని తాను గమనించుకోవడం అంతకంటే కష్టం.

పెట్టెల మధ్య ఈ మార్పిడిని అసలు తగ్గించడానికి కొందరు ఇంకో పద్ధతి పాటిస్తారు. ఒక చోటి పెట్టెలకు చెందిన అరలు, చట్రాలు ఆ చోటు దాటి పోకుండా ప్రతి అర మీదా గుర్తు వేస్తారు. తేనె తీసే షెడ్డుకు వెళ్లినా ఆ గుర్తు చూసి మళ్లీ సొంత చోటికే పంపుతారు. కొంత అదనపు చాకిరీ. తేనె కాలంలో, లారీలు ఎదురు చూస్తుండగా, వందల అరలను గుర్తు ప్రకారం వేరు చేయడమంటే ఓపిక కావాలి. ఆ ఓపిక ఉన్నచోట రోగం ఒక చోటికే బందీ అవుతుంది.

ఒక మనిషి పుస్తకం ఇలా ఉంటే, దేశం పుస్తకం ఇంకోలా ఉంటుంది. 1998 అక్టోబరు 1 నుంచి న్యూజీలండ్‌లో ఈ రోగాన్ని తుడిచిపెట్టే జాతీయ ప్రణాళిక చట్టంగా అమలవుతోంది. దాన్ని నడిపేది పెంపకందారులు కట్టే సుంకమే. పెట్టెలు పెట్టిన ప్రతి చోటూ నమోదు కావాలి. పెంచేవారికి ఇచ్చిన సంకేతం అక్కడి పెట్టెల మీద కనబడేలా రాసి ఉండాలి. ఒకప్పుడు మన ఊళ్లో కరణం అడంగల్‌లో సర్వే నంబరు వారీగా ఏ చేలో ఏ పంట ఉందో ఏటా రాసినట్టు, ఇక్కడ ఏ చోట ఎవరివి ఎన్ని పెట్టెలున్నాయో, వాటిలో రోగం ఉందో లేదో ఏటా రాస్తారు. జూన్ 1 నాటికి ఏడాది లెక్క అప్పజెప్పాలి. అర్హత ఉన్నవారు పెట్టెలన్నీ ఏటా తనిఖీ చేయాలి. రోగం కనబడితే ఏడు రోజుల్లో తెలపాలి, ఏడు రోజుల్లో ఆ పెట్టెను నాశనం చేయాలి. యాంటీబయాటిక్ వాడటం నేరం. మందు లక్షణాలను అణచి పెడుతుంది, బీజాలను చంపదు. అణిగిన రోగానికి పుస్తకంలో సున్నా పడుతుంది, ఆ సున్నా అబద్ధం. అందుకే అమెరికాలో మందుకు అవకాశం ఉన్నా వీళ్లు వద్దన్నారు.

ఈ ఏర్పాటులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది తనిఖీ చేసేవారు ఎవరన్నది. రోగాన్ని గుర్తుపట్టే పరీక్ష రాసి నెగ్గి, తన పెట్టెల్లో రోగాన్ని ఎలా ఏరివేస్తానో ఒప్పందం రాసిచ్చిన పెంపకందారుకు తన పెట్టెలను తనే తనిఖీ చేసుకునే అర్హత ఇస్తారు. అది లేనివారు అర్హత ఉన్న ఇంకొకరి చేత చూపించుకోవాలి. ప్రణాళికను నడిపే సంస్థ మనుషులు వచ్చి చూసే తనిఖీలూ ఉన్నాయి. కానీ భారం ప్రధానంగా పెంపకందారుల చేతుల మీదే. 2019 నాటికి ఆ దేశంలో నమోదైన పెట్టెలు 9 లక్షలు దాటాయి. మానుకా అనే పొద పూల తేనెకు వచ్చిన గిరాకీ దీనికి పెద్ద కారణం. అన్ని పెట్టెలను ప్రభుత్వ ఉద్యోగులే తెరిచి చూడటం జరిగే పని కాదు. సొంత నష్టాన్ని సొంత చేత్తో రాసే మనిషిని తయారుచేయడం తప్ప దారి లేదు. వాళ్లు ఆ దారినే నమ్ముకున్నారు.

నష్టమంటే చిన్నది కాదు. రోగం తేలిన పెట్టెకు సాయంత్రం, ఈగలన్నీ ఇల్లు చేరాక, వాకిలి మూస్తారు. పెట్రోలు పోస్తే ఆ ఆవిరికి ఈగలు నిమిషాల్లో చచ్చిపోతాయి. గుంట తవ్వి చట్రాలు, తేనె, మైనం, ఈగలు అన్నీ తగలబెట్టి మట్టి కప్పుతారు. కరిగిన తేనె చుక్క బయట మిగలకూడదు, మిగిలితే పొద్దున్నే ఇంకో పెట్టె ఈగలు వచ్చి నాకుతాయి. బాగున్న చెక్క అరలను మాత్రం 160 డిగ్రీల వేడి పారఫిన్ మైనంలో పది నిమిషాలు ముంచి తిరిగి వాడుకోవచ్చు. ఏడాది పొడుగునా పెంచిన ఈగలను తగలబెట్టి, ఇంటికొచ్చి ఆ పెట్టె నంబరు, తేదీ రాసి, లెక్క పంపడం మామూలు గుండెకు సాధ్యం కాదు.

తెలుగు నేలకు ఈ రోగం ఇంత పెద్ద బెడద కాకపోవచ్చు. మన బెడద వేరే పేరుతో వచ్చింది. 1991-92 ప్రాంతంలో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణ భారతంలోకి దిగి, మన దేశవాళీ సెరానా తేనెటీగల పెట్టెలను ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేసింది. కేరళలో అత్యధిక భాగం పెట్టెలు పోయాయి. వైరస్ కాబట్టి మందు లేదు. అప్పుడు మిగిలిన బలమల్లా తట్టుకుని బతికిన పెట్టెలే. వాటిని విడదీసి, వాటి రాణులతోనే మళ్లీ పెంపకం నిలబెట్టుకోవాల్సి వచ్చింది. ఏ పెట్టె తట్టుకుందో జ్ఞాపకం మీద ఆధారపడినవారు ఎంతో పోగొట్టుకుని ఉంటారన్నది నా నమ్మకం. రెండో సీజనుకల్లా జ్ఞాపకంలో పెట్టెలన్నీ కలిసిపోతాయి.

ఇవాళ పొద్దుతిరుగుడు, నువ్వు పూతల వెంట ఇటాలియన్ ఈగల పెట్టెలు లారీల్లో జిల్లాలు, రాష్ట్రాలు దాటుతున్నాయి. ఒక తోటలో దించిన పెట్టెల పక్కనే ఎవరివో తెలియని పెట్టెలు ఉంటాయి. జాతీయ తేనెటీగల మండలి 2021 ఏప్రిల్‌లో మధుక్రాంతి పోర్టల్ తెరిచి పెంపకందారుల నమోదు మొదలుపెట్టింది. తేనె ఎక్కడిదో జాడ తెలియడం దాని ప్రధాన ఉద్దేశం. అది మంచి పునాది. దాని మీద రోగం జాడ కూడా తెలిసే గది కట్టుకోవచ్చు. అందుకు కావాల్సింది పోర్టల్‌లో కంటే ముందు పెట్టె మూత కింద ఉండాలి. నోటు పుస్తకంలో అయిదు గళ్లు చాలు: పెట్టె నంబరు, తేదీ, గుడ్లు, పిల్ల మూతలు, ఏ పెట్టె నుంచి ఏది వచ్చింది, ఏ పెట్టెకు ఏది వెళ్లింది. అరకు కొండల్లోనో మరోచోటో సెరానా పెంచేవారు మాత్రం ఆరో గడి కూడా గీసుకోవాలి: ఈ రాణి ఏ పెట్టెలో పుట్టింది.